చున్నీకి ఆ చివర

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. వారమంతా కంటికి భూతద్దం పెట్టుకుని ఆవగింజంత చక్రాలు చూసీ చూసీ, ఆదివారం వచ్చేసరికి ఆయనకు పెద్దవేవైనా చూడాలనిపిస్తుంది. కొండలు, పొలాలు, కూలిన గోడలు. తెల్లారగానే మా నాలుగేళ్ళ తుర్రుపిట్టను భుజాన వేసుకుని ఊరి బయటికి పోతారు. ఏ రాయి ఎప్పటిదో, ఏ దారిన ఎవరు నడిచారో చెబుతూ తిప్పుతారు.

వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలోనే ఉంటాను. నా దృష్టిలో ఊరి బయట ఉండేవి పాములు, పాడుబడ్డ బావులు, పిల్లను ఎక్కడో మరిచిపోయే మొగుళ్ళు.

వద్దంటే వినే మనిషి కాదు. అందుకని ఒక ఉపాయం పన్నాను. ఈసారి నేనూ వస్తాననీ, దారీ చరిత్రా రెండూ నేనే చెబుతాననీ అన్నాను. ఎండిపోయిన కాలువ గట్టు ఒకటుంది. గీత గీసినట్టు తిన్నగా పోతుంది. ఆ చివర, ఒకప్పుడు బళ్ళు ఆపి సుంకం వసూలు చేసిన రాతి గది తప్ప చూడ్డానికి ఏమీ లేదు. అటు నడిపించి, పిల్లకు ఆవలింతలొచ్చేలా పాఠం చెబితే మళ్ళీ జన్మలో నడక ఊసెత్తదు.

"నువ్వా? చరిత్రా?" అన్నారు మా ఆయన.

"ఏం? బడి మాన్పించేనాటికి రాజుగారు కోట కట్టడం దాకా వచ్చాను. కూలిపోవడం ఒక్కటే మిగిలింది."

ఆయన నవ్వలేదు. వంచిన తల ఎత్తకుండా బూట్లు తుడుచుకున్నారు. నేను అప్పుడే అనుమానించాల్సింది.

దెబ్బల మందు, దగ్గు మందు, రెండు జతల బట్టలు, గొడుగు, దుప్పటి సంచిలో కుక్కాను. కాపురం మారుతున్నామా అని ఆయన అడిగారు. నేను పట్టించుకోకుండా రెండు పాత చున్నీలు ముడేసి, ఒక కొస నా నడుముకూ, ఇంకో కొస పిల్ల నడుముకూ కట్టాను.

గట్టు మీద దారి సన్నం. ముందు నేను, వెనక పిల్ల, దాని వెనక ఆయన. పాములు నా కళ్ళు తప్పించుకుంటాయేమోనని నేల మీంచి చూపు తిప్పలేదు. ఏ బండికి ఎంత సుంకమో, ఏ బస్తా ఎలా తూచేవారో నాకు తోచినట్టు చెప్పుకుపోతున్నాను. మొదట్లో "ఎందుకమ్మా?" అని వినిపించింది. తర్వాత అదీ లేదు. పాచిక పారిందనుకున్నాను.

కానీ ఒక చిక్కొచ్చింది. ఇంట్లో నేను నోరు తెరిస్తే పాలు పొంగుతాయి, పిల్ల పడుతుంది, అత్తగారు పిలుస్తారు. ఇక్కడ ఎవరూ అడ్డు రాలేదు. దాంతో నా కథలో సుంకం అధికారికి ఒక పెళ్ళాం వచ్చింది. పెళ్ళానికి కంగారు వచ్చింది. జ్వరంతో ఉన్న పిల్లను తీసుకుని వానలో వచ్చిన బండిని ఆ అధికారి సుంకం లేకుండా వదిలేశాడు. మర్నాడు పైవాళ్ళు నిలదీయడానికొస్తే, ఆ ఇల్లాలు వాకిట్లో అడ్డంగా నిలబడి...

చున్నీ బిగిసింది. "లాగకే, చెబుతున్నాగా" అన్నాను.

"అమ్మాయ్, నా మేకను ఎందాకా తీసుకుపోతావు?" అని వెనక నుంచి వినపడింది.

తిరిగి చూశాను. చున్నీకి ఆ చివర తెల్ల మేక. అంచు నములుతూ, నావైపే శ్రద్ధగా చూస్తోంది. దాని వెనక కర్ర పట్టుకున్న ముసలావిడ.

నా గుండె జారి చెప్పుల్లో పడింది. వెనక్కి పరిగెత్తాను. నాతో మేక, మేక కోసం ఆవిడ. చాలా దూరం పోయాక గట్టు దిగువన మా ఆయన కనిపించారు. ఆయన ఒడిలో మా తుర్రుపిట్ట, ఒక కాలికి బూటు లేకుండా, నిక్షేపంగా ఉంది.

పిల్లను గట్టిగా హత్తుకుని, ఊపిరి అందాక అడిగాను. "పిల్లను విప్పి మేకను కడతారా ఎవరైనా?"

"బూటులో ముల్లు దిగిందంది. ఖాళీ చున్నీ తేలిగ్గా ఊగితే నీ ప్రాణం పోతుందని దగ్గర్లో ఉన్నదాన్ని కట్టాను. నిమిషంలో మార్చేద్దామనుకున్నా. నువ్వింత జోరుగా నడుస్తావని నాకేం తెలుసు?"

ముసలావిడకు దణ్ణం పెట్టి మేకను అప్పజెప్పాను. ఆవిడ కదల్లేదు.

"మేకకేం తొందర. ఇందాకే అడిగేదాన్ని, కథ మధ్యలో ఆపడమెందుకని వెనకే వచ్చాను. వాకిట్లో నిలబడి ఏమందా పిల్ల?"

"ఏ పిల్లమ్మా?" అంది తుర్రుపిట్ట.

మా ఆయన లేచి దుమ్ము దులుపుకున్నారు. ఎండెక్కుతోందనీ, ఇంటికి పోదామనీ అన్నారు. "నువ్వు చెప్పినట్టే ఈ నడకలు మానేద్దాంలే. ఏముందిక్కడ, రాళ్ళూ రప్పలూ."

"మానేయడమేంటండీ? ఆ వాకిలి చూడకుండా ఆవిడ ఏమందో ఎలా తెలుస్తుంది? పైగా బండి వెళ్ళింది ఆ గుట్ట వెనక్కి. వచ్చే ఆదివారం అటు కూడా పోవాలి."

మాట జారాక తెలిసింది. ఆయన మేకలావిడ వైపు చూశారు. ఆవిడ మేక వైపు చూసింది. ఎవరైనా నవ్వి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

"సరే, నీ మాట ఎప్పుడు కాదన్నాను?" అంటూ ఆయన నా సంచి తన భుజానికి తగిలించుకున్నారు.

ఇక చేసేదేముంది? కొంగు బిగించి, ఆ రాతి గది వైపు అందరికన్నా ముందు నేనే నడిచాను.