కోటలో కుక్కర్ కూత

మా బావ మట్టి గురించి పెద్ద చదువు చదవడానికి పరాయి దేశం వచ్చాడు. వ్యవసాయ శాఖలో ఉద్యోగానికి సెలవు పెట్టి, నలభై దాటాక, తనలో సగం వయసు కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. నేను అప్పటికే ఆ ఊళ్ళో ఒక కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తున్నాను కాబట్టి నా గదిలోనే దిగాడు. వారం తిరక్కుండానే తేలిపోయింది. మట్టి చదవడానికి వచ్చినవాడి నోట్లో మట్టే పడింది. అక్కడి తిండి ఆయనకు సయించలేదు.

పెళ్ళయిన కొత్తలోనే మా ఇంట్లో ఆయనకు ఆకలయ్య అని పేరు పెట్టాం. ఆ ఆకలయ్య అక్కడి రొట్టెముక్క కొరికి, కాసేపు నమిలి, "బామ్మర్దీ, దీన్ని ఇక్కడ తింటారా, దీంతో చెప్పులు కుడతారా" అని నెమ్మదిగా అడిగేవాడు.

ఇక మా అక్క. బళ్ళో చరిత్ర చెబుతుంది. ఆ దేశపు కోటల గురించి పుస్తకం ముట్టుకోకుండా గంటలకొద్దీ చెప్పగలదు. కళ్ళతో మాత్రం ఒక్కటీ చూడలేదు. అందుకే బావను పంపేటప్పుడు ఒకే ఒక షరతు పెట్టింది. ఆదివారం ఆదివారం ఏదో ఒక పాత కట్టడానికి వెళ్ళి ఫోనులో చూపించాలి. అది చూసుకుని సోమవారం తను పిల్లలకు పాఠం చెప్పుకుంటుంది.

మొదటి ఆదివారం కోటకు బయల్దేరాం. అది గుట్ట మీద ఉంది. సగం మెట్లెక్కి బావ కూలబడ్డాడు.

"ఈ రాజులకి నేల మీద జాగా దొరకలేదా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కింది నుంచి పోపు వాసన వచ్చింది. బావ లేచాడు. ముందు ఆయన ముక్కు, వెనక ఆయన, ఆ వెనక నేను, గుట్ట దిగి ఒక ఇంటి పెరట్లో తేలాం. ఆ ఇంటావిడ తెలుగావిడే. నర్సుగా పనిచేసి మానుకున్నాక, ఇంటి తిండికి మొహం వాచినవాళ్ళకు ఆదివారాలు వండి పెడుతోంది. ఆ పూటే ఆవిడ మాకు భోజనాల పిన్ని అయిపోయింది.

మరి అక్కకు కోట ఎలా చూపించడం? బావ పర్యాటక కార్యాలయానికి వెళ్ళి, గోడకు అంటించే పెద్ద బొమ్మలు ఊరికే ఇస్తుంటే ఒక చుట్ట పట్టుకొచ్చాడు. కోటలు, రాజభవనాలు, గడియార స్తంభాలు. వారానికొకటి పిన్ని పెరట్లో బట్టలు ఆరేసే తీగకు తగిలించి, దాని ముందు నిలబడేవాడు. ఫోను పట్టుకోవడం నా పని.

"ఆ పావురం ఇందాకట్నుంచీ రెక్కలు విప్పుకునే ఉంది. వాలదేం?" అంది అక్క ఒకసారి.

"ఇక్కడి పావురాలకి ఓపికెక్కువ."

ఇంకోసారి వంటింట్లో కుక్కర్ కూసింది.

"కోటలో కుక్కరేమిటండీ?"

"కుక్కర్ కాదే, రైలు."

"మూడు కూతలు కూసి ఊరుకుంది."

"ఇక్కడి రైళ్ళు మితభాషులు."

అలా నడుస్తుండగా ఒక ఆదివారం గాలి వీచింది. రాజభవనం ఎగిరిపోయి చిక్కుడు పాదు మీద పడింది. వెనక గోడ మీదున్న పిన్ని బోర్డు బయటపడింది. 'ఆదివారం అన్నం పెట్టబడును. ముందుగా ఫోను చేయవలెను.' కింద నంబరు.

"ఆగండి. వెనకాల తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయి" అంది అక్క.

నేను ఫోను పక్కకు తిప్పబోయాను. బావ మాత్రం తొణకలేదు.

"శాసనం" అన్నాడు.

"అక్కడ తెలుగు శాసనమా?"

"మనవాళ్ళు వెళ్ళని చోటేదే? రాజుగారు అన్నదానం చేశాడని రాసుంది."

"కింద అంకెలున్నాయే?"

"అది శకం."

"పది అంకెల శకమా?"

"ప్రాచీనం మరి."

అక్క వాదించలేదు. "తమ్ముడూ, ఫోను కాస్త దగ్గరగా పెట్టు. శాసనం రాసుకుంటాను" అంది. అక్క మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు చిన్నప్పట్నుంచీ లేదు. పెట్టాను.

ఆ తర్వాత అక్క ప్రశ్నలు మానేసింది. చూపించిందల్లా చూసి, సరే అనేది. "మీ అక్కకి కోటల మోజు తీరినట్టుంది" అని బావ సంబరపడ్డాడు. సంబరానికి ఇంకో కారణం కూడా ఉంది. పిన్ని చారు ఉన్నట్టుండి మారిపోయింది. బావ విస్తరి వదిలి దోసిలి పట్టడం మొదలెట్టాడు.

బళ్ళకు సెలవులిచ్చాక, బడిపిల్లల్ని ఎక్కడికో తీసుకెళుతున్నానని, ఈ ఆదివారం ఫోను వద్దని అక్క కబురు చేసింది. ఇక బొమ్మల బాధ కూడా లేదు. బావ తీరిగ్గా కూర్చుని దోసెడు చారు జుర్రి కళ్ళు మూసుకున్నాడు.

"పిన్నిగారూ, ఈమధ్య మీ చేతికి ఏదో మహత్తు వచ్చింది. మా ఆవిడా పెడుతుంది చారు. మీది తాగితే జ్వరం పోతుంది, ఆవిడది తాగితే వస్తుంది."

"అలాగా బాబూ. ఇంకాస్త పోయించుకో" అని పిన్ని వంటింటి వైపు చూసింది.

వంటింట్లోంచి గరిటె వచ్చింది. గరిటె వెనక చెయ్యి. ఆ చేతికి నాకు తెలిసిన గాజులు. మా అక్క.

బావ దోసిలి దోసిలిగానే ఉండిపోయింది. చారు మోచేతుల మీదుగా కారి చొక్కాలోకి పోతున్నా ఆయనకు తెలియలేదు. నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

"జ్వరం వచ్చిందా?" అంది అక్క.

"నువ్వు... ఎప్పుడు..."

"పొద్దున దిగాను. ఇన్నాళ్ళూ మీరు జుర్రుతున్నది నా చారే. పొడి పంపింది నేను, మీ పది అంకెల శకానికి ఫోను చేసి పాళ్ళు చెప్పింది నేను."

బావ పిన్ని వైపు తిరిగాడు. "మీరైనా ఒక్క మాట అనకపోయారా?"

"శాసనాలు మాట్లాడవు బాబూ" అంది పిన్ని.

మా అక్క నవ్వలేదు. "చారు సంగతి పోనివ్వండి. కోట మీంచి చూస్తే ఏం కనిపిస్తుంది టీచర్ అని ఒక పిల్ల అడిగింది. మిమ్మల్నడిగితే మబ్బులన్నారు. నేను అదే చెప్పాను. ఆ పిల్ల బొమ్మ వేసి తెచ్చింది, కోట చుట్టూ అన్నీ మబ్బులే."

బావ తల దించుకున్నాడు. తిండి ముందు కూర్చుని ఆయన తల దించుకుంటే తినడానికే అనుకునేవాళ్ళం. ఆ రోజు తినలేదు.

చెయ్యి కడుక్కున్నాక కోటకు వెళ్ళాం. అక్క ఎక్కడా ఆగకుండా మెట్లెక్కేసింది. పైన గోడ రాయి మీద అరచెయ్యి ఆనించి, ఊరి మీదుగా దూరంగా ఉన్న ఏటిని చూస్తూ చాలాసేపు నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. వగరుస్తూ చేరుకున్న బావ ఆ మొహం చూసి, తనూ ఏటి వైపు తిరిగాడు.

"నేను చూసిపోడానికి రాలేదు. పాత కట్టడాల మీద చదువుకి నాకూ సీటొచ్చింది. రెండేళ్ళు ఇక్కడే" అంది అక్క.

బావ గోడ పట్టుకున్నాడు. "ఎవర్నడిగి చేరావు?"

"మీరు మట్టికి ఎవర్నడిగారు?"

ఆయన గొంతు తగ్గించి, "మంచిదే. మరి ఇంట్లో వంట?" అన్నాడు.

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నాను. పిన్నిగారితో మాట్లాడాను. రేపట్నుంచి మీ ఇద్దరికీ పాఠాలు."

"నాకెందుకక్కా?" అన్నాను.

"ఫోను పట్టుకుందెవరు?"

బావ నా వైపు చూశాడు. నేను చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాడిలా గోడ వైపు చూశాను.