ఊడిరాని ఇల్లు

గాలివానకు ఒకాయన ఇంటికప్పు తగరపువలస దాకా ఎగిరిపోయిందట. గోడలూ పడ్డాయట. ఆయన కూర్చున్న కుర్చీ మాత్రం కిర్రుమనలేదట, ఆయనకు మెలకువే రాలేదట. ఆ కుర్చీ కంచరపాలెం వడ్రంగి నీలకంఠం చేసింది. సగం నమ్మినా చాలు.

ఆ సోమవారం ఉదయం నీలకంఠానికి ఉన్నది ఒకటే పని. పది గంటలకు టౌన్‌షిప్ నర్సరీ బడికి బొమ్మల పెట్టె చేర్చాలి. నచ్చితే మరో పది పెట్టెల పని అతనిదే. ఆ పెట్టెకు డ్రాయింగు గీసింది టౌన్‌షిప్ క్వార్టర్లకు ప్లాన్లు గీసిన ఆర్కిటెక్టు శుభాకర్. అరవై చెక్కముక్కలు, పిల్లలు ఇవాళ ఇల్లు కట్టి, విప్పి, రేపు క్రేను కట్టుకోవచ్చు.

ఎనిమిదింటికి శుభాకర్ స్కూటర్ దిగాడు. "ముక్కలేవయ్యా?"

"ముక్కలెందుకు సారూ? ఇల్లే కట్టీసినాను!"

శుభాకర్ గోడ పీకాడు, కప్పు పీకాడు. కదల్లేదు. "ఇది ఊడిరావాలయ్యా!"

"నా సేతి పని ఊడొచ్చీడమేటి సారూ? మా తాత కాణ్నుంచీ నేదు. కాయితంలో మీరు బంక మర్సిపోనారు. నానే ఏసినాను."

"బంకే కదేటి? ఏణ్ణీళ్లకి కరిగిపోద్ది," అంటూ నీలకంఠం భార్య దేముడమ్మ ఇంటిని పొయ్యిమీద ఉడుకుతున్న అన్నం డేగిసాలో పడేసింది. పావుగంట ఉడికింది. బంక కరిగింది, ఇల్లు కదల్లేదు.

"లోపల ఎదురుబొంగు మేకులు కూడా దింపినాను," అన్నాడు నీలకంఠం గర్వంగా.

పైగా చెక్క నాని ఉబ్బి, ఉన్న సందులు కూడా మూసుకున్నాయి.

"ఇంకేమైనా చేశావా?"

"నేదు సారూ. టైం సాల్లేదు."

గంజివాసనతో పొగలు కక్కుతున్న ఇంటిని ఒళ్లో పెట్టుకుని నీలకంఠం స్కూటరెక్కాడు. బళ్లో శుభాకర్ క్షమాపణకు నోరు తెరిచేలోపే నలభైమంది పిల్లలు దానిమీద పడ్డారు. నలుగురు గోడ లాగారు, ఇద్దరు కప్పెక్కి గెంతారు, ఒకడు తలుపు కొరికాడు. శుభాకర్ కళ్లు మూసుకున్నాడు. పదకొండు గంట కొట్టినా ఒక్కరూ తల ఎత్తలేదు.

హెడ్మిస్ట్రెస్ రత్నమణి నెమ్మదిగా వచ్చింది. "శుభాకర్ గారూ, ఈ బళ్లో గంటసేపు ఒక్కడూ ఏడవకపోవడం ఇదే మొదలు. ఏ బొమ్మా మధ్యాహ్నం దాకా బతకదండీ. ఇలాంటివే పది కావాలి."

"మేడం, అది విడదీసి..."

"అది పిల్లలే చూసుకుంటారు లెండి."

"సెప్పినాను కాదేటి సారూ," అన్నాడు నీలకంఠం.

ఆ సాయంత్రం శుభాకర్ తన డ్రాయింగు అడుగున స్కేలు పెట్టి ఒక గీత గీసి, దాని కింద "బంక, వెదురు మేకులు" అని రాసి సంతకం పెట్టాడు.