పంపుసెట్టు గదిలో జెంబే

ఆ గురువారం పొద్దున సూర్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. బేరిగై దగ్గర మామగారి రాగి చేనులో ఉన్న పంపుసెట్టు గదిలోకి వెళ్ళాలి. తలుపు వేసుకోవాలి. పదింటికి వీడియో కాల్ కలిపి అరగంట వాయించి బయటికి రావాలి. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎవరికీ ఇబ్బంది లేని పనులు చేయబోతేనే ఊరంతా ఎందుకు కదిలివస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

సూర్య హోసూరులో ఒక మెషిన్ షాపులో ఇంజనీరు. అతనికి రెండు పిచ్చులు. మొదటిది జెంబే. పశ్చిమ ఆఫ్రికా డోలు అది. నడుమెత్తు చెక్క గిన్నెలాంటి దానికి మేకతోలు బిగించి, తాళ్ళతో లాగి కట్టి, ఉత్త చేతులతో వాయిస్తారు. బెంగళూరులో ఉంటున్న మాలీ దేశపు గురువు ఒకాయన దగ్గర ఆదివారాలన్నీ ధారపోసి నేర్చుకున్నాడు. రెండోది ఎలక్ట్రానిక్ రొద. అందులో పాట ఉండదు, రాగం ఉండదు. మీటలున్న నాలుగు పెట్టెలకు తీగలు తగిలించి గీ అనీ, ఘుర్రు అనీ, కీచుమనీ రకరకాల మోతలు పుట్టించడమే. తన లేత్ మెషిన్ మూలుగును కూడా రికార్డు చేసి, సాగదీసి అందులో కలిపేవాడు. ఈ రెండింటినీ జోడిస్తే లోకం విననిది ఏదో పుడుతుందని అతని గట్టి నమ్మకం. హోసూరులో ఇంటి ఓనరు మాత్రం మేడ మీద గోడ కూలుతోందనుకుని రెండుసార్లు చెప్పుల్లేకుండా పైకి పరిగెత్తాడు. మూడోసారి ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

ఇలాంటి సంగీతానికే బెంగళూరులో ఏటా ఒక ఉత్సవం జరుగుతుంది. నడిపేది తిలక్. పుట్టింది కృష్ణగిరి, స్థిరపడింది బెంగళూరు. సూర్య పంపిన రికార్డింగులను అతను గత రెండేళ్ళూ తిప్పి పంపాడు. ఈసారి, "ఎదురుగా వాయించు, వింటాను. ఇదే ఆఖరు. మల్ల అడగద్దు," అన్నాడు. అందుకే సూర్యకి రాత్రి అన్నం దిగలేదు. పొద్దున ఇడ్లీ కూడా దిగలేదు.

"మామా, పదకొండు దాకా ఎవరూ ఆ పక్కకి రాకుండా చూడాల," అని రాజప్పను బతిమాలాడు. "బయట మనుషుల శబ్దం కలిసిందంటే నా పని అయిపోయినట్లే."

"మీరు భయపడద్దప్పా. కాకి గూడా వాలదు. నేను చూసుకుంటా," అన్నాడు రాజప్ప.

"ఇంకోటి మామా. ఎవరికీ చెప్పద్దు. ఈసారి గూడా కాదంటే నాకి తల ఎత్తుకునేకి కాదు."

"ప్రాణం పోయినా చెప్పను."

రాజప్ప మాటిస్తే మాటే. పైగా ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయనకు సొంత కారణం కూడా ఉంది. మా అల్లుడు ఇంజనీరు, మిషన్లు అతని మాట వింటాయి అని ఆర్నెల్లుగా ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ అల్లుడు లీవు పెట్టి పంపుసెట్టు గదిలో డోలు కొట్టుకుంటున్నాడని ఏ నోటితో చెప్పాలి? భార్య కాళమ్మకు కూడా "ఆఫీసు మీటింగు, ఫోన్లో" అని చెప్పి ఊరుకున్నాడు. అసలు సంగతి తెలిసింది ఆయనకూ, సూర్య భార్య అయిన కూతురు నేత్రకూ మాత్రమే.

సూర్య గదిలో కారు బ్యాటరీ పెట్టి, పెట్టెలన్నీ దానికి కలిపాడు. ఒక మైకు జెంబే దగ్గర, ఇంకో మైకు కిటికీలో పెట్టాడు. చేను గాలి కూడా కాస్త వినబడితే బాగుంటుందని గురువు చెప్పి ఉన్నాడు. చెవులు మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఫోన్లో తిలక్ ముఖం కనబడింది. ఆ ముఖంలో ఉత్సాహమన్నది లేదు. సూర్య కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

ఇక్కడ ఆ ఊరి చెవుల గురించి ఒక మాట చెప్పాలి. రాగి కంకి వేసే కాలంలో అడవి ఏనుగులు చేలమీద పడటం అక్కడ మామూలే. వచ్చినప్పుడు జనం తప్పెటలు మోగించి, టపాకాయలు కాల్చి తరుముతారు. కాబట్టి చేనులోంచి గడగడా డోలు మోతా, దాని వెంట ఘుర్రుమనే మూలుగూ, మధ్యలో ఒక ఘీంకారమూ వినబడితే ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా అర్థం ఒక్కటే.

పక్క చేను మారియప్ప గట్టు మీదికి వచ్చాడు. దారికి అడ్డంగా నిలబడి ఉన్న రాజప్పను చూశాడు.

"ఏమన్నా, నీ చేనులో ఏమి ఆ శబ్దం?"

"అదా... మోటారప్పా. బేరింగు పోయింది."

"మోటారా? త్రీఫేజు మధ్యాన్నానికి గదా వచ్చేది! కరెంటు లేకుండా మోటారు ఎట్ల తిరుగుతాదన్నా?"

సరిగ్గా అప్పుడే సూర్య ఏదో మీట తిప్పాడు. గదిలోంచి చెవులు చిల్లులు పడే కూత ఒకటి లేచింది. రాజప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మారియప్ప గొంతు తగ్గించాడు. "అన్నా, అది మోటారు గాదు. ఏనుగు వచ్చింది గదా?"

"లేదప్పా, లేదు!"

"మల్ల ఆడ తప్పెట కొడతా ఉండేది ఎవురు?"

చెబితే అల్లుడికిచ్చిన మాట పోతుంది. "ఎవురూ లేరు," అన్నాడు రాజప్ప.

లోపల డోలు మోత జోరందుకుంది. ఎవరూ లేరని చెబుతున్న మనిషి రెండు చేతులూ చాచి దారి మూస్తున్నాడు. పాపం, భయంతో అన్నకు మతి చెడిందని మారియప్పకు అర్థమైపోయింది. అక్కడినుంచి లగెత్తి, ఊరి వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పంపాడు. "రాజప్పన్న చేనులో ఏనుగు! ఎవురో మనిషి పంపుసెట్టు గదిలో చిక్కుకోని తప్పెట కొడతా ఉండాడు. ఎంతసేపు కొడతాడో పాపం! తప్పెటలు, టపాకాయలు ఎత్తుకోని రండప్పా!"

ఆ మాట టీ అంగడి చేరేసరికి ఏనుగులు రెండయ్యాయి. పక్కనున్న బాగలూరు చేరేసరికి మంద అయింది. ఎవరో పుణ్యాత్ముడు ఎప్పటిదో ఒక పిల్ల ఏనుగు ఫోటో కూడా జతచేశాడు. ఆ ఫోటో తిరిగి తిరిగి నేత్ర ఫోన్‌కే వచ్చింది. కింద "బేరిగైలో ఇప్పుడే" అని రాసి ఉంది.

చామంతులు కోస్తున్న కాళమ్మ సంగతి విని బుట్ట అక్కడే వదిలేసింది. "పంపుసెట్టు గదిలోనా? అయ్యో, నా అల్లుడు ఆడనే గదా మీటింగుకి పోయినాడు!" ఇంట్లోంచి ఇత్తడి తాంబాళమూ గరిటే తీసుకుని, తాంబాళాన్ని దబదబా బాదుకుంటూ చేనుకి పరిగెత్తింది. "అయ్యో అల్లుడా! నా బంగారు అల్లుడా!" అని ఆమె పెట్టిన కేక కాలవ అవతలికి వినబడింది.

నేత్ర తల్లికి ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, ఏనుగూ లేదు, ఏమీ లేదు. ఆయనే వాయిస్తా ఉండాడు!"

కాళమ్మ కూతురి ముఖంలోకి చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. "చూడండమ్మా, బిడ్డకి మతి తప్పింది! ఎవురన్నా నీళ్ళియ్యండి!" ఇద్దరు ఆడవాళ్ళు నేత్రను గట్టు మీద కూర్చోబెట్టి, తల తడిపి, గట్టిగా పట్టుకున్నారు.

ఇంతలో అటవీశాఖ జీపు వచ్చింది. దిగినవాడు గార్డు ఏళుమలై. ఇక దాచి లాభం లేదని రాజప్పకు తెలిసిపోయింది. మాట పోతే పోయింది, అల్లుడి అదృష్టమైనా మిగలాలి. జీపుకి అడ్డంపడి చేతులు జోడించాడు.

"సార్, ఎవురినీ పోనీయద్దు సార్. ఆ శబ్దం చేసేది నా అల్లుడే."

ఏళుమలై చెవి అటు తిప్పి శ్రద్ధగా విన్నాడు. "ఏమప్పా పెద్దాయనా, నేను అడివిలోనే పెరిగినాను. అది మనిషి అరుపా? గున్న ఏనుగు తల్లి కోసం ఏడ్చేది అది. తల్లి ఈడనే యాడనో ఉంటాది. పక్కకి జరుగు."

"నిజం సార్! బేటరీ పెట్టి—"

"ఆయప్పని నీడలో కూర్చోబెట్టండప్పా," అన్నాడు ఏళుమలై జాలిగా.

తప్పెటలు ఒక్కసారిగా లేచాయి. మారియప్ప టపాకాయల సరమంతా అంటించాడు. జీపు సైరను కూసింది. వాటన్నిటి మీదా కాళమ్మ తాంబాళమూ "అల్లుడా!" అనే కేకా.

లోపల సూర్యకు ఇదేమీ తెలియదు. మొదట్లో చేతులు బిగుసుకుపోయి దెబ్బ సరిగా పడలేదు. తెరమీద తిలక్ ఒకసారి వాచీ చూసుకున్నాడు కూడా. కానీ కాసేపటికి అతను ముందుకి వంగాడు. తర్వాత కుర్చీ అంచుకి జరిగాడు. ఆ తర్వాత లేచి నిలబడ్డాడు. హెడ్‌ఫోన్లలో తన మోత ఇంత నిండుగా ఎప్పుడూ వినబడలేదు. ఈరోజు చేతిలోకి ఏదో వచ్చిందని సూర్యకి ఏడుపొచ్చినంత సంతోషమైంది. కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా వాయించాడు.

రేకుల కప్పు మీద ఒక లక్ష్మీ టపాకాయ పేలింది. బ్యాటరీ తీగ ఊడి పెట్టెలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. అయినా మోత ఆగలేదు. సూర్య కళ్ళు తెరిచాడు. హెడ్‌ఫోన్లు తీశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు గడియ ఊడిపడింది. కాళమ్మ తాంబాళంతో సహా మీదపడి అతన్ని కావలించుకుంది. తాంబాళం అంచు తగిలి ఫోను ఎగిరి గుమ్మం బయటి నీళ్ళతొట్టిలో పడింది. తిలక్ ముఖం అడుగుదాకా వెలుగుతూ వెళ్ళి ఆరిపోయింది.

"బతికినావా నాయనా!" అంది కాళమ్మ.

అప్పటికి సూర్యకు బతకాలని లేదు.

ఏళుమలై చేనంతా తిరిగి వచ్చాడు. ఏనుగు అడుగు ఒక్కటీ లేదు, విరిగిన రాగి దంటు ఒక్కటీ లేదు. గదిలో తీగలూ పెట్టెలూ చూశాడు. జెంబేని చేత్తో ఒక్కసారి తట్టాడు. ఊరంతా ఆ చప్పుడు విన్నది. గట్టు మీద నేత్రను పట్టుకున్న ఆడవాళ్ళు మెల్లగా చేతులు వదిలేశారు. రాజప్ప తువ్వాలు తలమీద కప్పుకుని నేలచూపులు చూశాడు.

"అన్నా, ఇది ముందే చెప్పుంటే!" అన్నాడు మారియప్ప.

"చెప్పినా గదప్పా," అన్నాడు రాజప్ప నీరసంగా.

సూర్య తొట్టి గట్టున కూర్చున్నాడు. రెండేళ్ళ సాధన, ఆఖరి అవకాశం, అన్నీ ఆ నీళ్ళల్లోనే ఉన్నాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. తనకోసం ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్ళు వీళ్ళు. అందుకే ఏడుపు మరీ ఎక్కువ వచ్చింది.

అప్పుడు నేత్ర ఫోను మోగింది. సూర్య తిలక్‌కి రెండో నంబరుగా ఇచ్చి ఉంచింది అదే. చూసి, పరుగున వచ్చి, అందరికీ వినబడేలా పెట్టింది.

"సూర్యా! ఎందుకప్పా కట్ చేసినావు?" తిలక్ గొంతు.

"సారీ సార్. ఊళ్ళోవాళ్ళు—"

"ముందు నువ్వు వాయించింది ఉండాదే, అది పరవాలేదు. అట్లాంటివి నాకి శానా వస్తాయి. జెంబే ఒకరు అడిగితే ఇంకొకరు బదులు చెప్పేది గదా. నువ్వు ఒంటిగా గోడతో మాట్లాడతా ఉంటివి. ఆ తరువాత తప్పెటలు వచ్చినాయి చూడు! నీ పెట్టె కూస్తే వాళ్ళు బదులిస్తారు, వాళ్ళు ఆపితే నువ్వు అందుకుంటావు. ఆ సైరను, ఆ పేలుళ్ళు... నిలబడిపోయినానప్పా! ఆ మధ్యలో పాడినామె ఎవరు?"

జనమంతా కాళమ్మ వైపు తిరిగారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను పాడలేదు సామీ. ఏడ్చినాను."

"అదేనమ్మా మాకి కావాల్సింది! అట్లనే ఏడవాల. ఆ గుంపు మొత్తం సెలెక్టు. ఒక్కరు గూడా తగ్గకూడదు."

ఏళుమలై గొంతు సవరించుకుని, సైరనుకైతే పై ఆఫీసరు పర్మిషను కావాలని ముందుగానే చెప్పాడు. మారియప్ప, టపాకాయలు తమరే ఇప్పిస్తారా అని అడిగాడు. రాజప్ప తలమీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

ఈ సందడిలో సూర్య ఫోను దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు. "మల్ల నేను సార్?"

"నువ్వు లేకుండా ఎట్ల?" అన్నాడు తిలక్. "మైకులు ఎవరు పెడతారు?"

ఆ తర్వాతి నెలలో బెంగళూరుకి బయల్దేరిన వ్యానులో ముందు సీట్లన్నీ కళాకారులకే సరిపోయాయి గనుక సూర్య మైకుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక చక్రం మీది సీట్లో సర్దుకున్నాడు.