దర్జీ ఇంట్లో దొరికిన కుర్చీ

పేదవాణ్ణి ఆదుకోవడం ఏ రాజ్యానికైనా తేలికే. వాడు నిజంగా పేదవాడేనని తేల్చుకోవడంలోనే నాగరికత ఉంది.

ఈ నాగరికత మనకు ఊరికే రాలేదు. పూర్వం దాతలు గేటు దగ్గర గంజి పోసేవారు. గిన్నె తెచ్చుకున్నవాడికి గంజి. కొంతకాలానికి ఒక పెద్దమనిషికి అనుమానం వచ్చింది. గిన్నె ఉన్నవాడు పేదవాడెలా అవుతాడు? వెంటనే గిన్నె ఉన్నవాళ్ళందర్నీ వెనక్కి పంపేశారు. లేనివాళ్ళకు పోద్దామంటే గిన్నె లేదు. ఆ ఏడాది గంజి మొత్తం మిగిలిపోయింది. పేదరికం తగ్గిందనడానికి అదే రుజువంటూ నాలుగు సంపుటాల నివేదిక వెలువడింది. (మూడో సంపుటం నిండా గిన్నెల బొమ్మలే.) నేటి దారిద్ర్య నిర్ధారణ శాఖ ఆ నివేదికలోంచి పుట్టింది.

ఇక కేసులోకి వద్దాం.

వీధి చివరి ఇంట్లో ఒక దర్జీ. పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. డాక్టరు సూటిగా చెప్పాడు. మూడు నెలలపాటు రోజూ ఆసుపత్రికి తెచ్చి వ్యాయామం చేయిస్తే కాలు వస్తుంది. గడువు దాటితే రాదు. ఆసుపత్రి రెండు మైళ్ళు. దర్జీ భార్య ఆ రోజే చక్రాల కుర్చీ కోసం దరఖాస్తు పెట్టింది.

నలభై ఒకటో రోజున ఆ శాఖ పరిశీలకుడు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. అప్పుడు దర్జీ భార్య ఏ ఇల్లాలైనా చేసే నేరమే చేసింది. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టడం బాగుండదని, గొడుగులు బాగుచేసే పక్కింటావిడ దగ్గరికి పరిగెత్తి కుర్చీ తెచ్చి వేసింది.

ఆయన కూర్చున్నాడు. ఫారం తీశాడు. 'కుర్చీ, ఒకటి' అని రాశాడు.

"అయ్యో సార్, అది మాది కాదండీ! మీకోసం పక్కింట్లో అడిగి తెచ్చాను."

"అలాగా! చెప్పి మంచి పని చేశారమ్మా." ఆ ముక్క కొట్టేసి మళ్ళీ రాశాడు. 'అడగ్గానే కుర్చీ ఇచ్చే ఇరుగుపొరుగు, కలదు.' "ఆస్తి లెక్కలో దీనికి కుర్చీ కన్నా రెండు మార్కులు ఎక్కువ."

"పోనీ మీరు లేవండి, ఇచ్చేసొస్తాను."

"లేస్తే రాయకూడదమ్మా. తొమ్మిదో నిబంధన. అధికారి కూర్చునే రాయాలి."

"అయితే కింద చాప వేస్తాను."

"చాప కూడా ఉందా?" ఆయన బాధగా ఇంకో గడి నింపాడు.

బట్టలు కత్తిరించే బల్ల మీద పడుకున్న దర్జీ తల తిప్పాడు. "ఇంకేం చూపించకే! నన్ను కూడా రాసుకునేలా ఉన్నాడు."

"మిమ్మల్ని ఎప్పుడో రాశానండీ," అన్నాడు పరిశీలకుడు. "'మగదిక్కు, ఒకటి.'"

(బల్లను మాత్రం రాయలేదు. మీద మనిషి ఉండటంతో కనిపించలేదు.)

అరవయ్యో రోజున ఉత్తరం వచ్చింది. 'ఇంట ఆసనం గలవారికి అదనంగా చక్రాలుగల ఆసనం మంజూరు చేయుట విలాసము.' (కొట్టేసిన కుర్చీని కూడా ఆఫీసులో లెక్కేశారు.) ఈలోపు ఆడవాళ్ళిద్దరూ దర్జీని నాలుగుసార్లు ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఐదోసారి ముగ్గురూ పడ్డారు.

కుర్చీ తనదేనని పక్కింటావిడ రాసిస్తే చాలన్నారు ఆఫీసులో.

"ఒక్క సంతకం పెట్టవే వదినా."

"పెడతాను వదినా, నాదేం పోయింది. కానీ నాదని రాసిస్తే అది నాదైపోతుందిగా? రేపు నా ఉబ్బసం మందుల కార్డు పీకేస్తారు."

"మరి ఎవరిదని చెప్పను?"

"ఎవరిదీ కాకుండా చేసేద్దాం. పొయ్యిలో పెట్టు."

పెట్టారు. శాఖవారు వచ్చి బూడిద చూసి, 'ఆస్తిని దాచు ఉద్దేశముతో ధ్వంసము' కింద దరఖాస్తును మరో నెల ఆపారు. కబురు పాకింది. వారం తిరక్కుండా ఆ వీధిలో పదకొండు కుర్చీలు మాయమయ్యాయి. మళ్ళీ వచ్చిన పరిశీలకుడికి ఏ ఇంట్లోనూ కూర్చోడానికి చోటు దొరకలేదు. కూర్చోలేదు కాబట్టి రాయలేదు. రాయలేదు కాబట్టి ఆ వీధిలో పేదలు లేరు.

తొంభై ఒకటో రోజున డాక్టరు దయతలచి తనే ఇంటికొచ్చాడు. కాలు నొక్కి చూశాడు. చీటీ మీద 'శాశ్వతం' అని రాసి వెళ్ళిపోయాడు.

ఆ చీటీని దర్జీ భార్య ఆఫీసులో బల్ల మీద పెట్టింది. పరిశీలకుడి ముఖం వెలిగిపోయింది.

"ఈ ముక్క ముందే తెస్తే ఇంత తిరుగుడు ఉండేదా అమ్మా! శాశ్వతమైతే ఇల్లు చూసే పనే లేదు. ఆ తాత్కాలికం వాళ్ళతోనే మాకు తలనొప్పి. కాలొచ్చి నడిచేస్తారు, బండి వృథా."

"మా ఆయన నడుస్తాడనే కదా సార్ నేను అడిగింది?"

"అదే కదమ్మా మీరు చేసిన పొరపాటు."

నాలుగు రోజుల్లో చక్రాల కుర్చీ వచ్చింది. సరికొత్తది. దర్జీని అందులో కూర్చోబెట్టారు. ఇక ఆసుపత్రికి వెళ్ళే పని లేదు కనుక కిటికీ పక్కకు తోసి, చక్రాల కింద రెండు ఇటుకముక్కలు పెట్టారు.

ఆ ఏటి నివేదికలో 'శాఖ కృషి వల్ల కదలగలుగుతున్నవారు' అనే జాబితా ఉంది. అందులో మొదటి పేరు ఆయనదే.