మా అమ్మాయి పన్నెండో తరగతి నేను చదివిన వైనం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా లీజెల్ చదువు కూడా నా చదువులాగే మధ్యలో ఆగిపోతుందేమోనని. మహమ్మారికి భయపడనని కాదు. అది రెండో స్థానంలో ఉంది.

ఇక కోప్పడకుండా వినండి. పిల్లల కాలేజీ, ఉద్యోగం గురించి నిర్ణయాలు తీసుకోవడానికి ఇంతకంటే మంచి కాలం మళ్ళీ రాదు. బడులు మూతపడటం మన పిల్లల భవిష్యత్తుకు జరిగిన మహోపకారం!

ఎలాగంటారా? మామూలు రోజుల్లో పిల్ల బయటికి వెళ్తుంది. స్నేహితులను చూస్తుంది, కోరికలు పుడతాయి. ఈ నెల పశువుల డాక్టరంటుంది, వచ్చే నెల డ్రమ్స్ వాయిస్తానంటుంది. తల్లి ఏ దారిన నడిపించాలి? ఇప్పుడా బాధ లేదు. పద్దెనిమిది నిండనివాళ్ళు గడప దాటకూడదన్నారు. పదిహేడేళ్ళ పిల్ల గదిలో ఉంది, దాని భవిష్యత్తు వంటింట్లో నా చేతిలో ఉంది. ఏ తల్లికైనా ఇంతకంటే ఏం కావాలి?

పైగా ఎంచుకునే శ్రమ కూడా తగ్గింది. ఓడల్లో ఉద్యోగమా? ఓడలు ఆగాయి. హోటళ్ళా? మూశారు. విమానాలా? అవీ మనలాగే ఇంట్లో కూర్చున్నాయి. మిగిలింది రెండే. నర్సు కావడం, లేదా ఊదారంగు కందతో రొట్టెలు చేసి ఫోన్‌లో అమ్ముకోవడం. మా ఆయన దోదోంగ్ మూడో దారి కూడా చూపించాడు. ఆయన జనాన్ని ఎక్కించుకుని తిప్పే ట్రైసికిల్ మార్చి నుంచి పనస చెట్టు కింద నిలబడి ఉంది, అందులో కోళ్ళు కాపురం పెట్టాయి.

"శవపేటికలు చేసేవాళ్ళకి ఊపిరాడటం లేదంట" అన్నాడు.

"దానికి కాలేజీ అక్కర్లేదు కదయ్యా" అన్నాను.

"అందుకేగా చెప్తున్నా."

ఇలాంటి ఇంట్లో ప్రణాళిక వేయాల్సింది నేనే కదా. నేను హైస్కూలు ఆఖరి సంవత్సరంలో, యూనిఫాం నడుము దగ్గర బిగుతై చదువు మానేసిన మనిషిని. ఆ బిగుతే లీజెల్. అయినా ఈ విషయంలో సలహా ఇచ్చే అర్హత నాకుంది. ఎలా వచ్చిందో చెబుతాను.

ప్రతి సోమవారం, బయట తిరగడానికి ఇంటికొక్కటే ఇచ్చిన పాస్ పట్టుకుని బడికి వెళ్తాను. వారం పాఠాలూ ప్రశ్నలూ కుట్టిన పుస్తకాల కట్ట ఇస్తారు. మాడ్యూల్ అంటారు. పిల్ల రాసిన పాత కట్ట ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలి. అక్టోబర్‌లో బడి మొదలైనప్పుడు లీజెల్ బాగానే రాసింది. మూడో వారం, నాలుగో వారం నసిగింది. నవంబర్ వచ్చేసరికి "తర్వాత రాస్తాలే నాయ్" అంది. నాయ్ అంటే మా వైపు అమ్మ. ఆదివారం వచ్చింది, కట్ట ఖాళీగానే ఉంది. ఖాళీగా ఇస్తే బడివాళ్ళు ఏమనుకుంటారు? ఒక్క పేజీ రాశాను. ఒక్కటంటే ఒక్కటే.

ఆ పేజీకి ఎర్రసిరాతో నక్షత్రం వచ్చింది.

ముప్పై మూడేళ్ళ వయసులో నాకు నక్షత్రం! ఇక నన్ను ఆపేదెవరు? ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో గణాంకశాస్త్రం. అన్నం అడుగంటింది కానీ సగటు, మధ్యగతం మాత్రం తేడా లేకుండా వచ్చాయి. లీజెల్ అక్షరాలను ఎడమవైపు వాల్చి రాస్తుంది. నేను అక్షరాలతో పాటు మెడ కూడా వాల్చి రాశాను. ఇప్పటికీ కాస్త నొప్పిగానే ఉంది.

నేనొక్కదాన్నే అనుకోకండి. సోమవారం వరుసలో రెండు బారల దూరంలో నిలబడ్డ తల్లులందరి వేళ్ళకూ సిరా మరకలే. "ఏడోదానికి నీకెంతొచ్చింది?" అని మాస్కు చాటున ఒకరు అడుగుతారు. "పద్నాలుగు. నీకు?" అని ఇంకొకరు. ఒక ముసలమ్మ నిట్టూర్చి, "ఈసారి మా మనవడికి లెక్క తప్పిపోయింది. కళ్ళద్దాలు మార్చుకోవాలి" అంది. ఎవరి కళ్ళద్దాలని ఎవరూ అడగలేదు. అందరం తలూపాం.

నా చదువు నా దగ్గరే ఉంచుకోలేదు, పంచాను కూడా. నది అవతల, చెక్‌పోస్టు దాటాక మా నెనెత్ ఉంటుంది. లీజెల్‌కి జ్ఞానస్నానమప్పుడు ఆమే జ్ఞానమాతగా నిలబడింది. అప్పటి నుంచి మేమిద్దరం ఒకరినొకరం 'మారే' అనే పిలుచుకుంటాం. ఆమె కూతురు షైరాదీ ఇదే తరగతి. డిసెంబర్‌లో ఫోన్ చేసి, "పిల్ల పుస్తకం ముట్టుకోవడం లేదు మారే, నాకేమో ఒక్క ముక్కా అర్థం కావడం లేదు" అని ఏడ్చింది.

"దిగులెందుకు మారే, నేను లేనా?" అన్నాను. ఆ వారం నుంచి నా జవాబులన్నీ ఫోటో తీసి పంపడం మొదలుపెట్టాను. షైరాకి తొంభై ఆరు వచ్చింది. మాకూ తొంభై ఆరే.

ఫిబ్రవరిలో అసలైన మాడ్యూల్ వచ్చింది. 'నా కాలేజీ, నా వృత్తి'. అరవై ప్రశ్నలు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయా? పదహారేళ్ళకే పిల్లను కన్నదాన్ని, నాకా? లేదు అని రాశాను. ఏడ్చేవాళ్ళను ఓదార్చగలరా? చాలా బాగా. పదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎలా చూసుకుంటున్నారు? తెల్ల బట్టల్లో.

చివరి ప్రశ్న: 'మీ అమ్మకో నాన్నకో చెప్పాలని ఉండి కూడా చెప్పలేకపోయిన ఒక్క మాట రాయండి.' చాలాసేపు ఆలోచించాను. 'నాయ్, నా కోసం నువ్వు పడుతున్న కష్టం నాకు తెలుసు' అని రాశాను. రాసి చదువుకుంటే ఏడుపొచ్చింది. నా కూతురు నన్ను ఎంత అర్థం చేసుకుందో! కాగితం తడిస్తే గుడ్డతో అద్దాను. జవాబులు దిద్దే మేడం దాని పక్కన గుండె బొమ్మ వేసి పంపింది.

వారం తర్వాత ఆ మేడం, పల్మారెస్ మేడం, స్వయంగా ఫోన్ చేసింది. పిల్లతో కాలేజీ గురించి మాట్లాడాలంది. లీజెల్‌కి ఫోన్ ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. మేడం గొంతు నాకూ వినబడుతూనే ఉంది, మా వైపు ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే 'ఇందాయ్'తో సహా.

"చాలా సంతోషం ఇందాయ్. ఇంత స్పష్టత ఉన్న పిల్ల తరగతిలో ఇంకొకరు లేరు. నర్సింగే ఎందుకనుకున్నావో నీ నోటితో చెప్పమ్మా."

లీజెల్ ఒక్క క్షణం విని ఫోన్ నా వైపు చాచింది.

"నాయ్, నీకే ఫోన్. నర్సు అవుతానన్నది నువ్వు కదా."

సిగ్నల్ బాగాలేదు మేడం అని ఫోన్ పెట్టేశాను. మంచం అంచున కూర్చుని, పదిహేడేళ్ళలో మొదటిసారి అడిగాను.

"మరి నువ్వేమవుతావే?"

"నేను నవంబర్‌లోనే మానేశా నాయ్."

"ఏంటి మానేసింది?"

"చదువు. ఎవరో ఒకరు అడుగుతారులే అనుకున్నా. నేను లేకుండానే నేను బాగా చదువుతున్నా. నక్షత్రాలు వస్తున్నాయి. ఇంక నేనెందుకులే అనిపించింది."

మొదట చెప్పిన నా భయం గుర్తుందా? అది నవంబర్‌లోనే మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. నేను ప్రతి సోమవారం వెళ్ళి దానికి నక్షత్రాలు తెచ్చిపెడుతున్నాను.

బడి గేటుకి కొత్త బ్యానర్ కట్టారు. ఈ ఏడాది మా బడిలో ఒక్కరూ చదువు మానలేదని. నిజమే. తల్లులం ఎవరమూ మానలేదు.

మొన్న సోమవారం మా కట్టలో రెండే జవాబులున్నాయి, రెండూ లీజెల్ రాసినవే. ఒకటి తప్పు. ఏమవుతావన్న చోట 'తెలియదు' అని రాసింది, ఎడమవైపు వాల్చి. మేడం అక్కడికక్కడే దిద్ది ఇచ్చింది, నక్షత్రం రాలేదు. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మీద అంటించాను. వరుసలో నిలబడ్డప్పుడు నా వేళ్ళు శుభ్రంగా ఉండటం చూసి ముసలమ్మ, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

నెనెత్‌కి ఫోన్ చేశాను. నా గొప్పంతా ఇన్నాళ్ళూ ఆమె దగ్గరే చెప్పుకున్నాను కదా, సిగ్గును కూడా ఆమెకే చెప్పాలి.

"షైరా ఎలా ఉంది మారే?"

"దానికేం, తొంభై ఆరు."

"మార్కులు కాదు మారే, పిల్ల ఎలా ఉంది?"

"గదిలో ఉంది. చదువుకుంటోంది. నువ్వు ఈ వారం జవాబులు పంపలేదేంటి?"

మొత్తం చెప్పాను. మా ఇంటి సంగతి మా ఇంటిదే అంది. ఫోన్ పెట్టేసింది, మళ్ళీ ఎత్తడం లేదు.

ఆ తొంభై ఆరు నాది. ఆ పిల్ల ఎలా ఉందో నాకు తెలియదు. నా పాస్‌తో వంతెన దాటనివ్వరు. ఇది చదివేవాళ్ళలో అటువైపు పాస్ ఉన్నవాళ్ళు ఒక్కరైనా ఉంటే, వంతెన దిగగానే బియ్యం మిల్లు, దాని పక్కనే నీలం గేటు. నెనెత్ వచ్చి పిల్ల బాగానే ఉందంటుంది. అక్కడే నిలబడండి. షైరాని పేరు పెట్టి పిలవండి. చదువు గురించి అడగకండి. బయటికి వచ్చేదాకా ఉండి, ఒకసారి ఆ పిల్ల మొహం చూడండి.