కారే కప్పుకు బహుమతి

లోకంలో నిజాన్ని మించింది లేదు. అందుకే దానికి ఏటా బహుమతి ఇస్తారు. ఇచ్చేదాకా అది కదలకూడదు.

మా ఇంటి కప్పు కారుతుంది. ఒక దర్శకుడు వచ్చి దాని మీద డాక్యుమెంటరీ తీశాడు. అంటే ఉన్నది ఉన్నట్టు చూపే సినిమా. (వాన చాలలేదని పైపుతో నీళ్లు కొట్టారు. ఆ నీళ్లు నిజమైనవే.) సినిమా పోటీకి వెళ్లింది.

మా ఆవిడకు ఉబ్బసం. చెమ్మ పడదు. వానలు ముదిరేలోపు కప్పు బాగుపడాలి. మేస్త్రీ పనిచేసే నా బావమరిది సిమెంటు తట్టతో నిచ్చెన ఎక్కాడు. అంతలో పోటీ ఆఫీసు నుంచి వాస్తవ సంరక్షణాధికారి వచ్చాడు.

"దిగవయ్యా. ఫలితాలొచ్చేదాకా నిజాన్ని ముట్టుకోకూడదు."

"మా అక్కకి ఆయాసం సార్."

"అదీ సినిమాలో ఉంది. అదీ తగ్గకూడదు."

"ఇదేం గోల సార్?"

"ఇంటాయన నోరెత్తలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

బావమరిది అప్పటికే ఒక చిల్లు పూడ్చేశాడు. దాన్ని మళ్లీ పొడిపించారు. ఈసారి చిల్లు పెద్దదైంది. అధికారి టేపు పెట్టి కొలిచాడు. నిజం పెరిగితే అభ్యంతరం లేదన్నాడు.

"బావా, ఇక నువ్వు తుమ్మాలన్నా వీళ్లనడుగు," అని బావమరిది నిచ్చెన దించేశాడు.

ఉత్సవం నాడు మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. సినిమాలో కట్టిన బట్టలే కట్టించారు, తడిపి. హాలంతా ఏసీ. మా ఆవిడ దగ్గినప్పుడల్లా వెనకవాళ్లు చప్పట్లు కొట్టారు. ఉత్తమ దర్శకత్వం మాకే వచ్చింది. ఉత్తమ చెమ్మ మాకే. ఉత్తమ దగ్గు కూడా మాకే. (అది దగ్గును రికార్డు చేసినతనికి ఇచ్చారు. దగ్గిన మనిషికి ఆ విభాగం లేదు.)

దర్శకుడు బహుమతులు తీసుకుని వేదిక దిగి రాగానే మా ఆవిడ అడిగింది.

"అయిందిగా నాయనా. ఇక కప్పు వేయించుకోవచ్చా?"

"ఇంకొక్క ఏడాది ఓర్చుకో అవ్వా. రెండో భాగం తీస్తున్నాం. అందులో ఇల్లు కూలుతుంది."

"కూలుతుందని నీకెవరు చెప్పారయ్యా?" అన్నాడు బావమరిది.

"స్క్రిప్టులో ఉంది."

(నిజాన్ని ముందుగా రాసుకోకూడదని నిబంధన. అందుకే పెన్సిల్‌తో రాశారు.)

నేను అధికారిని ఒక్కటే అడిగాను. "కూలేటప్పుడు మేమెక్కడుండాలి?"

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశాడు.

"లోపలే. కెమెరా వైపు మాత్రం చూడకండి."