కీ.శే. ఉప్పలయ్యకు ఒక మార్కు

అమీర్‌పేట, పంజాగుట్టలకు చరిత్ర ఉన్నదని చారిత్రక విపణుల ఉన్నతస్థాయి సంఘం వారికి మొన్న బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం ముగిసిన మరునాడు తెలిసింది. తెలిశాక ఊరుకునే మనుషులు కారు. సాయంత్రానికల్లా ఒక మాల్ ముందు వేదిక వేసి, అక్కడి దారినంతా 'చారిత్రక విపణి వీథి'గా ప్రకటించారు. సంఘం అధ్యక్షులు రామ్మోహనరావు గారు గంటంబావు మాట్లాడారు.

"చరిత్ర తెలియని చోట చొక్కా కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే. ఇకపై ఈ వీథిలో పిన్నీసు అమ్మేవాడికి సైతం వీథి చరిత్ర కంఠతా వచ్చి ఉండాలి. అందుకే పరీక్ష పెడుతున్నాం. ఉత్తీర్ణులకు చారిత్రక వర్తక కార్డు ఇస్తాం. తప్పినవారు చోటు ఖాళీ చేసి చరిత్రకు సహకరించాలి" అని సెలవిచ్చారు.

చప్పట్లు మోగాయి. కొట్టినవారిలో ముప్పాతిక మంది ఏదో కొత్త కోర్సుకు డెమో అనుకుని ఆగినవారే.

వీథి వెంటనే స్పందించింది. మొన్న ఉగాదికి రిబ్బను కత్తిరించిన బట్టల షోరూమ్ బోర్డు మీద 'స్థాపితం 1931' అని వెలిసింది. అది చూసి పక్కనున్న జ్యూస్ సెంటరు 1912కు వెళ్లిపోయింది. ఎదురుగా మొబైల్ కవర్లు అమ్మే దుకాణం వారు ఇద్దరినీ చూసి ఓర్వలేక 1898 అని రాయించుకున్నారు.

ఈ ఆర్భాటమేదీ ఉప్పలయ్యకు పట్టలేదు. ఆయన ఒక కాంప్లెక్సు మెట్ల కింద కుట్టుమిషను తొక్కుతాడు. ప్యాంట్లు పొట్టి చేస్తాడు, జాకెట్లు వదులు చేస్తాడు. సిరిసిల్లలో మగ్గం మూలపడ్డాక వచ్చి నలభై రెండేళ్లుగా అక్కడే కూర్చున్నాడు. నిజానికి ఆయన మెట్ల కిందికి వచ్చి కూర్చోలేదు. ఆయన కూర్చుని ఉండగా పైనుంచి మెట్లు కట్టారు. అంతకుముందు అక్కడ ఉన్నది టాకీసు ప్రహరీ గోడ. ఆ నాలుగడుగుల జాగా పోతే పొద్దున లేచి ఎటు పోవాలో ఆయనకు తెలియదు, పాపం.

"గీ జాగ చరిత్ర నన్ను అడుగుతరా? అడగనీ" అని భార్య కొమురమ్మకు చెప్పి, పుస్తకం ముట్టకుండా పరీక్షకు పోయాడు. కేంద్రం ఎర్రగడ్డలో పడింది. ఎర్రగడ్డ అనగానే మీరు అనుకుంటున్న చోటు కాదు, రైతుబజారు పక్కన బడి.

టాకీసు వెండితెర ఏ దేశం నుంచి వచ్చెను అన్నది మొదటి ప్రశ్న. ఉప్పలయ్య నవ్వుకున్నాడు. ఆ తెర చిరిగితే దుప్పటి గుడ్డతో అతుకు వేసింది తనే. మూడేళ్ల పాటు ఏ హీరో వచ్చినా గడ్డం మీద ఆ కుట్టు కనిపించేది, జనం ఫ్యాషన్ అనుకున్నారు. అదంతా మార్జిన్‌లో రాశాడు. సంఘం లెక్కలో సరైన జవాబు 'లండన్ దేశం'. ఆఖరి ప్రశ్న దగ్గర ఆయన కలం ఆగింది. 'ఈ వీథి తొలి ఆల్టరేషన్ దర్జీ ఉప్పలయ్య మరణించిన సంవత్సరమేది? (అ) 1989 (ఆ) 1994 (ఇ) 1998 (ఈ) పైవన్నీ.'

ఆయన చెయ్యెత్తాడు. "సార్, గీ ప్రశ్నల తప్పున్నది. నేను బతికే ఉన్న."

"డౌట్లుంటే పరీక్ష అయినంక అడుగు" అన్నాడు ఇన్విజిలేటరు.

ఉప్పలయ్య నాలుగూ కొట్టేసి 'బతికే ఉన్నడు' అని రాశాడు. సరిగ్గా ఒక్క మార్కుతో తప్పాడు.

మెట్లకు అవతలి పక్క గడియారాలు బాగుచేసే యాకూబ్ మాత్రం మొదటిసారే గట్టెక్కాడు.

"నువ్వు నిజం రాసినవ్ ఉప్పలన్నా. నిజానికి మార్కులెక్కడియి? నాలుగో అంతస్తుల తేజ సార్ మెటీరియల్ అమ్ముతుండు, అండ్ల ఉన్నది రాయాలె. మా ఖాందాన్ పర్షియా గడియార శాస్త్రవేత్తలదంట, నేను సుత గదే రాసిన."

"మీ నాయన జనగామల సైకిల్ పంక్చర్లు ఏస్తుండె గద యాకూబ్?"

"ఏస్తుండె. ఇప్పుడు పర్షియాల ఉన్నడు. నాకేం ఫికర్?"

తేజ సార్ భీమవరం నుంచి వచ్చి రెండేళ్లయింది. మొన్నటిదాకా కంప్యూటర్ కోర్సులు చెప్పి, ప్రకటన వెలువడిన నాలుగు రోజుల్లో వీథి చరిత్ర మొత్తం రాసేశాడు. సంఘం వారు ఎంత వెతికినా వేరే పుస్తకం దొరకలేదు, అందుకని ప్రశ్నపత్రం కూడా దాన్నుంచే తీశారు. ఉప్పలయ్య నాలుగంతస్తులు ఎక్కి, ఆయాసం తీరకుండానే అడిగాడు.

"సార్, నేనే ఉప్పలయ్యను. మీ మెటీరియల్ల నన్ను సంపిండ్రు."

తేజ సార్ చావు కబురు చల్లగా చెప్పాడు. "ఏంటి పెద్దాయనా, చరిత్ర అంటే పోయినవాళ్లది కదా. బతికున్నవాళ్లు కరెంట్ అఫైర్స్‌లోకి వస్తారు. అది వేరే బ్యాచ్."

"జర దిద్దరాదుండ్రి?"

"పదివేల కాపీలు జిరాక్సు అయిపోయాయండీ. మీరొక్కరు బతికున్నారని అంతమందిని ఫెయిల్ చేయమంటారా?"

ఈ న్యాయం విని ఉప్పలయ్యకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి సప్లిమెంటరీ బ్యాచ్‌లో చేరాడు. మూడో బెంచీలో కూర్చుని తన గురించి తాను బట్టీపట్టాడు. 'ఉప్పలయ్య. మరణము 1998. కారణము, వీథి మీద అపారమైన ప్రేమ.' ఇంట్లోనూ అదే చదువు.

"జర మెల్లగ సదువు. బొట్టు పెట్టుకున్నదాన్ని ఇంట్లనే ఉన్న" అంది కొమురమ్మ వంటింట్లోంచి.

రెండోసారి పరీక్షలో ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి నాలుగడుగుల జాగా తలచుకుని 1998 మీద గుర్తు పెట్టాడు. నూటికి నూరు వచ్చాయి. కన్ను లొట్టపోలేదు గాని, చావు మాత్రం తప్పలేదు.

కార్డుల సభలో ఆయనకు ఖైరతాబాద్ గణపతికి సరిపోయే దండ వేశారు. ఉప్పలయ్య అందులో ముక్కుదాకా మునిగాడు. రామ్మోహనరావు గారు కదిలిపోయారు. "ఆ కీర్తిశేషుని పేరు పెట్టుకున్న ఈ వృద్ధుడే ఫస్టు రావడం యాదృచ్ఛికం కాదు. ఆ మహనీయుడు కూర్చున్న మెట్ల కింది స్థలాన్ని ఈ క్షణం నుంచి రక్షిత స్మారకంగా ప్రకటిస్తున్నాను. అక్కడ ఎవరూ కూర్చోరాదు" అన్నారు. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఉప్పలయ్య కూడా నిలబడ్డాడు, కూర్చుంటే బాగుండదని.

ఇప్పుడు మెట్ల కింద ఉప్పలయ్య సిమెంటు విగ్రహం ఉంది. ఆయనకు ఎన్నడూ లేని మీసాలున్నాయి. మిషనును గాజుపెట్టెలో పెట్టారు. ఉప్పలయ్య కార్డు మెడలో వేసుకుని, రెయిలింగుకు ఇవతల ఎండలో, అడిగి తెచ్చుకున్న పాత మిషనుతో కూర్చుంటున్నాడు.

నిన్న హాస్టలు పిల్ల పూజ వచ్చింది. రెండేళ్లుగా కుర్తాలు ఆయన దగ్గరే బిగుతు చేయించుకుంటోంది. విగ్రహానికి దండం పెట్టి ఫోన్ తీసింది.

"తాతా, జర పక్కకు జరుగుతవా? ఫోటోల పడుతున్నవ్."

"నేనే గా ఉప్పలయ్యను బిడ్డా."

ఆమె జాలిగా నవ్వింది. "ఆయన తొంభై ఎనిమిదిల పోయిండు తాతా. మా కోచింగ్‌ల పెట్టిన ఎగ్జామ్‌ల సుత వచ్చింది." తర్వాత సంచిలోంచి కుర్తా తీసి, రెండు వైపులా అరంగుళం పట్టమని చెప్పి వెళ్లిపోయింది. ఆయన పట్టాడు.

పంజాగుట్టలో ప్యాంటు కొని అమీర్‌పేటలో పొట్టి చేయించుకున్న పాఠకులు ఒకసారి కింది అంచు తిప్పి చూసుకోండి. కుట్టు గట్టిగానే ఉంటుంది. కుట్టినవాడి మొహం గుర్తుందా? లేదు కదా. అయితే ఈ పరీక్ష రాయకుండానే మీరు ఫస్ట్ క్లాసులో పాసయ్యారు.